మా నాయనమ్మ ఎండుచేపల వ్యాపారం

మా రేవులో తెప్ప ఇసుకకు తగిలిందంటే మగవాళ్ళ పని దాదాపు ముగిసినట్టే, ఆడవాళ్ళ పని మొదలైనట్టే. అర్ధరాత్రి దాటాక వేటకు వెళ్ళిన వాళ్ళు పొద్దెక్కేసరికి అలలు దాటుకుని ఒడ్డుకు వచ్చి, తెప్ప కట్లు విప్పి, నీరు పీల్చిన దుంగలను ఇసుక మీద ఆరవేసి, ఎర్రబడిన కళ్ళతో ఇళ్ళకు పోయి పడుకునేవారు. వలలో చిక్కిన చేపను ఒళ్ళు చెదరకుండా విడిపించడం, రకాలవారీగా కుప్పలు పెట్టడం, రేవులో జరిగే వేలంపాటలో నిలబడి ధర తేల్చుకోవడం, పచ్చిగా అమ్మాల్సింది పచ్చిగా అమ్మి మిగిలినదాన్ని ఉప్పులోకో ఎండలోకో చేర్చడం, చివరికి దాన్ని డబ్బుగానో బియ్యంగానో మార్చి ఇంటికి తేవడం వరకూ అంతా ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడిచేది. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి దక్షిణంగా ఉన్న మా పల్లెలో నేను పెరిగిన 1970ల చివరి రోజుల గురించి చెప్పమంటే, వినేవాళ్ళు సముద్రం గురించీ తుపాన్ల గురించీ అడుగుతారు. నాకు మాత్రం ముందుగా మా నాయనమ్మ, ఆమెతోపాటు రేవులో గంపలు దించి నిలబడే ఆడవాళ్ళు గుర్తుకొస్తారు. వాళ్ళు చేసిన పని ఎలా జరిగేదో మా పిల్లలకు తెలియదు. చెప్పగలిగిన వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అందుకని గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

మా తాతను నేను చూడలేదు. మా నాన్నకు ఊహ తెలియకముందే ఆయన పోయాడు. భర్త పోయిన ఆడదానికి తెప్పలో వాటా ఉండదు, వలలో వాటా ఉండదు. పొరుగువారి వలలోని చేప విడిపించి ఇస్తే చేతిలో పెట్టే నాలుగు చేపలతో నాయనమ్మ తన వ్యాపారం మొదలుపెట్టిందని మా మేనత్త చెప్పేది. ఆ నాలుగు చేపలూ కూర వండుకోకుండా అమ్మి, ఆ డబ్బుకు మరుసటి రోజు పాటలో చిన్న కుప్ప కొని, దాన్ని మళ్ళీ అమ్మి, అలా కొన్నేళ్ళలో తన గంప తాను నింపుకునే స్థితికి వచ్చింది. మా పల్లెలో వితంతువులకు ఎవరూ దానం చేసి బతుకు చూపించలేదు. ఈ చేపల బేరమే చూపించింది. ఈ మాట నేను గర్వంగానే చెబుతాను.

పాట దగ్గర నాయనమ్మను చూడాలి. కవళ్ళు విరివిగా పడిన రోజున ఇసుక మీద వెండిరంగు కుప్పలు వరసగా ఉండేవి. ఆమె ఒక కుప్ప దగ్గర వంగి, పైనున్న చేపను వదిలేసి అడుగునున్న చేపను తీసి మొప్ప ఎత్తి చూసేది. ఎరుపు తగ్గితే అది రాత్రి మొదటి వలకు పడ్డ చేప అని, ఎండలోపు అమ్ముడుపోకపోతే ఉప్పుకు తప్ప పనికిరాదని ఆమెకు తెలుసు. కుప్పలో ఎన్ని ఉన్నాయో కంటితోనే అంచనా వేసి, ధర కుదిరాక లెక్క పెట్టేటప్పుడు మాత్రం పుంజీల చొప్పున పెట్టేది. అంటే నాలుగేసి చేపలు ఒక్కసారి చేత్తో పట్టి గంపలో వేస్తూ పైకి లెక్క చెప్పేది. చేతివేళ్ళ మధ్య జారిపోయే ఆ చేపలను అంత వేగంగా నాలుగేసి పట్టడం మాకు ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు. పాటలో మగవాళ్ళు కూడా ఉండేవారు గానీ, ఏ రకానికి ఏ సంతలో గిరాకీ ఉందో, వర్షం వస్తే ఎంత నష్టమో, ఎవరికి ఎంత అప్పు పెట్టవచ్చో తెలిసిన ఆడవాళ్ళు నిలబడ్డ చోట వాళ్ళు గొంతు పెంచేవారు కాదు.

పచ్చిచేప ఆ రోజుల్లో దూరం పోయేది కాదు. ఐసు మా ఊరికి రాలేదు. పొద్దున్న పడిన చేప మధ్యాహ్నంలోగా నడిచి వెళ్ళగలిగిన ఊళ్ళలోనే అమ్ముడుపోవాలి, లేదంటే ఉప్పులో పడాలి. పడుచు ఆడవాళ్ళు తలమీద కుదురు పెట్టుకుని, దాని మీద గంప ఎత్తించుకుని, కారే నీరు చెవుల పక్కగా జారుతుండగా పొలాల గట్ల మీద దాదాపు పరుగులాంటి నడకతో పోయేవారు. నాయనమ్మ వయసు మళ్ళాక ఆ పరుగు మానేసి పూర్తిగా ఎండుచేపల వైపు వచ్చింది. నాకు తెలిసిన నాయనమ్మ ఆ ఎండుచేపల నాయనమ్మే.

ఎండబెట్టడమంటే చేపను ఎండలో పడేయడం అనుకునేవాళ్ళకు ఆ పనిలోని తూకం తెలియదు. నెత్తళ్ళలాంటి చిన్నచేపలు ఉప్పు లేకుండానే ఎండుతాయి. ఎండ గట్టిగా ఉంటే ఒక్క రోజు చాలు. సముద్రపు నీటితో కడిగి, తడిసి గట్టిపడిన ఇసుక మీద ఒకదానిమీద ఒకటి పడకుండా చల్లి, పైపొర ఆరగానే తాటాకు చీపురుతో మెల్లగా తిరగేయాలి. కానాగంతలు, సొరలాంటి పెద్ద చేపలకు అలా కుదరదు. కత్తిపీట ముందు గొంతుకు కూర్చుని వీపు వైపునుంచి చీల్చి, పేగులూ మొప్పలూ తీసి, నెత్తుటి చార మిగలకుండా కడిగి, చీల్చిన పొరల్లోకి వేలితో కల్లుప్పు కూరి తొట్టిలో వరసలుగా పేర్చేవారు. ఉప్పు నౌపాడ మడుల నుంచి వచ్చేది. పెద్ద చేపకు మూడు పాళ్ళకు ఒక పాలు ఉప్పు వేయాలని, చిన్నదానికి అంత అక్కర్లేదని నాయనమ్మ లెక్క. తొట్టి మీద తాటాకు చాప కప్పి, రాళ్ళ బరువు పెడితే రాత్రికి చేపలోని నీరంతా ఉప్పు ఊటగా పైకి తేలేది. ఒకటి రెండు రోజుల తరువాత తీసి, అదే ఊటలో ఓసారి జాడించి, ఎండలో పరిచేవారు. కాకుల నుంచీ కుక్కల నుంచీ కాపలా కాయడం మా పిల్లల పని. నాకు బడి లేని రోజుల్లో చేతిలో పొడుగాటి ఈనె పట్టుకుని ఆ ఇసుకలో కూర్చున్న మధ్యాహ్నాలు చాలా ఉన్నాయి.

ఎండిందో లేదో తేల్చేది నాయనమ్మే. ఒక నెత్తల్లి తీసి నా చెవి దగ్గర విరిచి, "ఇరిగితే ఎండినట్టు, ఒంగితే ఇంకా నీరున్నట్టు" అనేది. నీరున్నది మూటలో పడితే నాలుగు రోజుల్లో పురుగు పట్టి, పక్కనున్న మంచిదాన్ని కూడా చెడగొడుతుంది. ఉప్పు తగ్గితే వాసన వేస్తుంది. నిల్వ పాతబడితే గులాబీ రంగు మచ్చలు వస్తాయి. మేఘం ముసురుకుంటే ఊరి ఆడవాళ్ళందరూ ఎవరు పరిచిన చేప ఎవరిదని చూడకుండా దొరికినదాన్ని దొరికినట్టు ఎత్తి ఇళ్ళలో పోసేవారు. ఒక్క వానకు నెల సంపాదన పోయిన ఇళ్ళున్నాయి. ఇసుక మీద ఎండినదానికీ తడకల మీద ఎండినదానికీ ధరలో తేడా ఉంటుందని వాళ్ళకు తెలియక కాదు. తడకలు కట్టుకోవడానికి కర్రలూ, వాటిని నిలబెట్టుకోవడానికి తమదనిపించుకున్న జాగా లేకపోవడమే అసలు సంగతి. ఇసుక పట్టిన చేప కోళ్ళ మేతకు తక్కువ ధరకు పోయేది.

నాయనమ్మకు చదువు రాదు. తలుపు వెనక గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. నిలువు గీత ఒక రకం, దాని మీద అడ్డగీత ఒక రకం, పక్కన చిన్న సున్నా మరొక రకం. ఏ ఇంటివారు ఎంత బాకీ, తాను ఉప్పు కొట్టువాడికి ఎంత ఇవ్వాలి, పెట్టుబడికి తెచ్చిన అప్పుకు వడ్డీ ఎంత పెరిగింది అన్నదంతా ఆ గోడ మీదే ఉండేది. సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టేముందు ఆ గీతలన్నీ ఒకసారి వేలితో తడుముకుంటూ చదువుకునేది. సున్నం ఆరాక మళ్ళీ అవే గీతలు, కొట్టేసిన బాకీలు మినహాయించి, కొత్తగా గీసేది. వడ్డీ ఆ రోజుల్లోనూ దారుణమే. పొద్దున్న పెట్టుబడికి తీసుకుని సాయంత్రానికి వడ్డీతో కట్టే అప్పులు కొన్ని, చేప మొత్తం తనకే అమ్మాలన్న షరతుతో షావుకారు ఇచ్చేవి కొన్ని. రెండో రకం అప్పు జోలికి నాయనమ్మ ఎప్పుడూ పోలేదు. ధర చెప్పే హక్కు పోతే ఇక గంప మోయడం ఎందుకని ఆమె వాదన. తరువాత వచ్చిన డ్వాక్రా సంఘాల్లో మా అమ్మ తరంవాళ్ళు చేరినప్పుడు, ఆ పొదుపు డబ్బును వాళ్ళు ముందుగా వాడుకున్నది ఈ రోజువారీ వడ్డీల నుంచి బయటపడటానికే.

ఎండుచేపలు ఎక్కువగా కొండల వైపు పోయేవి. సీతంపేట సంతకు వెళ్ళాలంటే ముందురోజే బయలుదేరి శ్రీకాకుళం చేరి, అక్కడినుంచి పాలకొండ మీదుగా పోవాలి. వేసవి సెలవుల్లో నాయనమ్మ నన్ను కూడా తీసుకువెళ్ళేది. తెల్లవారేసరికి సవర గిరిజన ఆడవాళ్ళు కొండల మీదనుంచి చింతపండు, పసుపు, కందులు, కొండచీపుళ్ళు నెత్తిన పెట్టుకుని దిగేవారు. వాళ్ళ చోడంబలిలోకి, అంటే రాగి అంబలిలోకి, ఒక ఎండునెత్తల్లి ముక్క ఎంత రుచో నాకు ఆ సంతలోనే తెలిసింది. బేరం సగం డబ్బుతో, సగం సరుకుతో. సోలెడు నెత్తళ్ళకు ఇంత చింతపండు అని మాట అనుకుంటే, తూకం లేకుండా దోసిళ్ళతోనే ఇచ్చిపుచ్చుకునేవారు. ఒక సవర అవ్వ నాయనమ్మ దగ్గర తప్ప వేరేవారి దగ్గర కొనేది కాదు. ఇద్దరి భాషలూ వేరు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. అయినా అవ్వ కూతురికి పురుడు వచ్చినప్పుడు నాయనమ్మ పాలు పడతాయని సొర ఎండుముక్కలు విడిగా కట్టి పట్టుకెళ్ళడం, మా అక్క పెళ్ళికి అవ్వ బుట్టెడు పసుపు పంపడం నాకు తెలుసు. సముద్రం ఎన్నడూ చూడని ఊళ్ళకు సముద్రపు చేపను చేర్చినవాళ్ళు ఈ ఆడవాళ్ళే. ఆ వ్యాపారం సాగిన దారుల్ని ఎవరైనా పటం గీస్తే, మా తీరం నుంచి ఒడిశా సరిహద్దు దాకా గీతలు పోతాయి.

అయితే ఆ ప్రయాణాల్లో పడిన అవమానాలు కూడా రాయాలి. గంప చూడగానే బస్సు ఆపకుండా పోయిన రోజులున్నాయి. ఆగినా, వాసన అంటూ చివరి సీటు వెనక నిలబెట్టేవారు. మూటకు టికెట్టు వేరే, మనిషికి టికెట్టు వేరే. నాయనమ్మ గోనె మీద గోనె చుట్టి, దాని మీద పాత చీర కప్పి, పైన కొన్ని కూరగాయలు కనిపించేలా పెట్టేది. ఒకసారి పక్కన కూర్చున్న ఆవిడ ముక్కు మూసుకుని లేచి వెళ్ళిపోతే, నాయనమ్మ ఏమీ అనకుండా నన్ను ఆ ఖాళీ సీటులో కూర్చోబెట్టి, తాను మూట దగ్గర నిలబడింది. శ్రీకాకుళం దాకా అలాగే నిలబడింది.

ఓ ఏడు మా వీధిలో ఇంటింటి వివరాలు రాసుకోవడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరేం చేస్తారు అని అడుగుతూ పోయాడు. "మీ అమ్మగారు?" అంటే, "ఇంట్లోనే ఉంటాదండీ" అన్నాడు నాన్న. ఆయన అలాగే రాసుకున్నాడు. ఆ సమయానికి నాయనమ్మ ఇంట్లో లేదు, సంతకు వెళ్ళింది. నాన్న అబద్ధం చెప్పాలని చెప్పలేదు. వేట అంటే సముద్రంలోకి పోవడమే అన్న భావన ఆయనలో అంత గట్టిగా పాతుకుపోయింది. చాలా ఏళ్ళ తరువాత నేను చదువుకున్నదేమంటే, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పరిధిలో 2014లో దేశాలు ఆమోదించిన చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాలు వేటకు ముందు పనినీ, చేప ఒడ్డుకు చేరాక జరిగే పనినీ కూడా ఈ వృత్తిలో భాగంగానే చూస్తాయి. అలా లెక్క వేసినప్పుడు ప్రపంచంలో ఈ రంగంలో ఉన్న ప్రతి పదిమందిలో నలుగురు ఆడవాళ్ళేనని అదే సంస్థ అధ్యయనం తేల్చింది. మా రేవులో అయితే సగానికి పైగా ఉంటారని నా నమ్మకం.

వేటకు ముందు పని అంటే వల. అది నేను చూడలేదు, నాయనమ్మ చెప్పగా విన్నాను. ఆమె పడుచుతనంలో జనుము నూలు ఆడవాళ్ళే వడికేవారు, వల అల్లకంలో చేయి వేసేవారు, చెట్టు బెరడు ఉడికించిన కషాయంలో వలను ముంచి నీటికి చీకిపోకుండా చేసేవారు. నైలాను వల వచ్చాక అదంతా పోయింది. యంత్రం మీద అల్లిన వల కొట్లో దొరుకుతుంది, చీకదు, ఎక్కువ చేప పడుతుంది. మగవాళ్ళకు అది మేలు చేసింది, ఆడవాళ్ళకు ఒక పని తీసేసింది. ఆ పని పోయిందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే దానికి కూలీ అంటూ ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు.

తరువాత మార్పులు వేగంగా వచ్చాయి. తెప్పలకు మోటార్లు వచ్చాయి, దుంగల తెప్పల చోట ఫైబరు తెప్పలు వచ్చాయి, ఐసు వచ్చింది. ఐసు పెట్టెలతో లారీ రేవు దాకా రావడం మొదలయ్యాక వంజరం, చందువ, రొయ్య ఇసుక మీద ఆగడం మానేశాయి. షావుకారి మనుషులు అక్కడికక్కడే తూచి ఎక్కించేవారు. ఆడవాళ్ళ పాటకు కవళ్ళూ నెత్తళ్ళూ మిగిలాయి. ఊళ్ళ మీద అమ్మడానికి మోపెడ్లు వేసుకుని మగ వ్యాపారులు వచ్చాక, నడిచి వెళ్ళే ఆడమనిషి చేరేసరికి ఆ ఊరివాళ్ళు చేపలు కొనేసి ఉండేవారు. మోపెడ్ నేర్చుకుందామనుకున్న మా చిన్నమ్మను ఊరంతా విడ్డూరంగా చూసింది. ఇప్పుడు కవళ్ళు కూడా మేత ఫ్యాక్టరీలకు టన్నుల లెక్కన పోతున్నాయి. చేప తగ్గిందని అంటారు గానీ, పడిన చేప ఆడవాళ్ళ గంపలోకి రావడం అంతకన్నా ముందే తగ్గింది.

మా వయసు అమ్మాయిల్లో చాలామంది రొయ్యల ఫ్యాక్టరీలకు వెళ్ళారు. తెల్లవారుజామున వ్యాను వచ్చి ఎక్కించుకునేది. రోజంతా ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తల తుంచి, పొట్టు ఒలవాలి; ఎన్ని కిలోలు ఒలిస్తే అంత కూలీ. మా మేనత్త కూతురి వేళ్ళు సాయంత్రానికి తెల్లగా ఉబ్బి, గోళ్ళ చివర పుండ్లు పడేవి. అన్నం కలపడానికి మంట పుట్టి చెంచా వాడేది. జీతం నికరంగా వస్తుంది, అది నిజం. కానీ ధర చెప్పేది ఆమె కాదు.

మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనికి పోవడం మొదలయ్యాక పల్లెల్లో నెలల తరబడి ఆడవాళ్ళే మిగిలారు. వాళ్ళు ఇల్లు నడిపిన తీరు గురించి ఒక్క సంగతి చెబుతాను. 2018 చివర్లో వెరావల్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు, కరాచీ జైలు నుంచి విడుదలై 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టేదాకా, ఎచ్చెర్ల వైపు పల్లెల్లో వాళ్ళ భార్యలూ తల్లులూ అర్జీలు పట్టుకుని తిరిగారు. ఏడాదికి పైగా అర్జీలు పట్టుకు తిరుగుతూనే పిల్లలకు అన్నం పెట్టారు. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. ఆ రోజుల్లో వాళ్ళు ఏం అమ్మి, ఎక్కడ కూలికి పోయి ఇల్లు గడిపారో ఎవరూ పెద్దగా అడగలేదు.

తూర్పు తీరంలో వేట నిషేధం 2015 నుంచి ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 రోజులు ఉంటోంది. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం అవసరమే, దాన్ని నేను తప్పుపట్టను. మన రాష్ట్రం ఇచ్చే భృతి 2019లో 4,000 నుంచి 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెరిగింది, అదీ మంచిదే. కానీ ఆ భృతి బోటు మీద వేటకు వెళ్ళేవారి లెక్కన వస్తుంది. ఎండ మండిపోయే ఆ రెండు నెలల్లో ఎండబెట్టడానికి చేప ఉండదు, అమ్మడానికి చేప ఉండదు, గంప ఎత్తేవాళ్ళకు ఆ లెక్కలో చోటుండదు. ఇంట్లో వేటకు వెళ్ళే మగవాడు లేని మా నాయనమ్మలాంటివారు ఈ రోజున బతికి ఉంటే, ఆ రెండు నెలలూ వాళ్ళ చేతికి ఏమీ రాదు.

పోయిన ఏడు ఊరికి వెళ్ళినప్పుడు మా మేనత్త కూతురు, ఇంకా చేపలమ్ముతున్న మా వదినలు కొందరు అర్జీ రాసిపెట్టమని నన్ను కూర్చోబెట్టారు. ఎండబెట్టుకోవడానికి గట్టు మీద సిమెంటు అరుగూ తడకలూ కావాలి, కడగడానికి మంచినీళ్ళ కుళాయి కావాలి, సంతలో ఎండావానలకు తట్టుకునే కప్పు కావాలి, ఉదయం బస్సులో గంపలకు చోటివ్వాలి, నిషేధకాలపు భృతిలో తమ పేర్లు ఉండాలి. ఇవన్నీ వాళ్ళే వరసగా చెప్పారు, నేను రాశాను. ప్రతి పేరు పక్కన వృత్తి రాయాల్సి వచ్చినప్పుడు "మత్స్యకారిణి" అని రాయనా అని అడిగాను. మా మేనత్త కూతురు ఒప్పుకోలేదు. అలా రాస్తే మొగుడు వేటకు పోతున్నాడని రాసుకుంటారు, మేం చేసే పని విడివిడిగా రాయి అంది. అందుకని ఆ కాగితం మీద ఒకరి పక్కన పచ్చిచేప అమ్మకం అని, ఒకరి పక్కన నెత్తళ్ళు ఎండబెట్టడం అని, ఒకరి పక్కన ఉప్పుచేప, సీతంపేట సంత అని రాశాను. వేలిముద్రలు వేసేవాళ్ళు వేశారు, సంతకాలు వచ్చినవాళ్ళు సంతకాలు చేశారు. ఆ మర్నాడు వాళ్ళే వెళ్ళి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చారు. జవాబు ఇంకా రాలేదు. సంక్రాంతికి మళ్ళీ వెళ్ళి అడుగుతామని మొన్న ఫోనులో చెప్పారు.